కౌన్సెలర్ కావలెను... ఎవరిని తీసుకోవాలి?

ప్రశ్న: గుంటూరులో మాది రెసిడెన్షియల్ జూనియర్ కళాశాల. కౌన్సెలర్ ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తుల్లో చాలావాటికి స్వల్పకాలిక కోర్సుల సర్టిఫికెట్లే ఉన్నాయి. ఎలా ఎంచుకోవాలి?

జవాబు: కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా పెట్టేసుకుంటున్నారు, చిక్కంతా అక్కడే. సైకాలజీలో పీజీ, సీనియర్ల పర్యవేక్షణలో పనిచేసిన అనుభవం చూడండి. క్లినికల్ సైకాలజిస్టునంటే భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు అడిగి సరిచూసుకోండి.

ఇంటర్వ్యూలో ఒక్కటి తప్పక అడగండి: ‘చచ్చిపోవాలనుందని విద్యార్థి చెబితే ఏం చేస్తారు?’ ధైర్యం చెబుతానంటే చాలదు. ఒంటరిగా వదలకుండా, ఇంటివాళ్లకు తెలిపి, సైకియాట్రిస్టు దగ్గరికి చేర్చే దారి చెప్పాలి.

కౌన్సెలర్ గది ప్రిన్సిపాల్ ఆఫీసు పక్కన వద్దు, పిల్లలు రారు. మార్కులు తగ్గినవాళ్లను మందలించే పనీ కౌన్సెలర్‌కు అంటగట్టకండి. ప్రాణాపాయమైతే తప్ప విద్యార్థులు చెప్పిన మాటలు బయటికి పోవని నియామక పత్రంలోనే రాయండి.

ఈలోగా ఎవరైనా హాని చేసుకునేలా కనిపిస్తే వెంటనే సైకియాట్రిస్టుకు చూపించండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు.