కాయకమున నష్టము – గోష్ఠిలో ఆదరము

పంట పోయిన రైతును చూచి ఊరివారు "అయ్యో, వాన ముంచినది" అందురు. వర్తకము పోయినవానిని చూచి ఆ ఊరివారే "ఏమి చేసెనో, ఎక్కడ దాచెనో" అందురు. మొదటివాని నష్టము ఆకాశము మీదికి పోవును. రెండవవాని నష్టము వాని శీలము మీదికి వచ్చును. "ఐ.పి. పెట్టినాడు" అను మాట మన ఊళ్లలో ఒక న్యాయస్థాన వ్యవహారమును తెలుపు మాటగా కాక, తిట్టుగా వాడబడుచున్నది.

ఇందువలన జరుగు కీడును గమనింపుడు. నూనెమిల్లు పెట్టి నష్టపోయిన యువకుడు ఒకడున్నాడనుకొందము. మొదటి నెల అతడు బాకీదారులను తప్పించుకొని తిరుగును. రెండవ నెల బంధువుల పెండ్లికి పోవుట మానును. మూడవ నెల సోమవారపు పూజకు వచ్చుట మానును. పాత అప్పును కప్పుటకు అధిక వడ్డీకి క్రొత్త అప్పు తెచ్చును. ఇంటి ఇల్లాలికి సయితము నిజము చెప్పడు. అతనిని క్రుంగదీయునది ధననష్టము మాత్రమే కాదు. ఆ నష్టమును చెప్పుకొనుటకు చోటు లేకపోవుట. ఇట్టి ఒంటరితనమున ప్రాణములు తీసికొన్నవారును కలరు. కావున ఈ విషయము పెద్దలు, పిన్నలు కలిసి ఆలోచింపదగినది.

కాయకమునకు కొలత ఏది?

బసవేశ్వరుడు బోధించిన కాయకము కేవలము పొట్టపోసికొను వృత్తి కాదు. సత్యముతో, శుద్ధమైన మనస్సుతో చేయబడి, దాని ఫలము దాసోహమునకు వినియోగపడు పనియే కాయకము. ఈ నిర్వచనములో లాభమను మాట లేదని గుర్తింపవలెను. లాభము వచ్చినంతమాత్రమున మోసపు వ్యాపారము కాయకము కానేరదు. అట్లే నష్టము వచ్చినంతమాత్రమున సత్యముతో చేసిన పని కాయకము కాకపోదు. కొలత చేతి శుద్ధియే గాని పెట్టె బరువు కాదు.

లోకమునందలి చట్టము కూడ ఈ భేదమును పాటించుచున్నది. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము, తన ఆస్తినంతటిని న్యాయస్థానము ముందుంచిన నిజాయితీగల ఋణగ్రస్తునికి విముక్తి పొందు మార్గమును చూపినది. ఆస్తిని దాచినవానికి, లెక్కలు మార్చినవానికి శిక్ష విధించినది. నష్టపోయినవాడు వేరు, మోసగించినవాడు వేరు అని చట్టము ఎరిగియుండగా, ధర్మము నెరిగిన సంఘము ఎరుగకపోవుట తగునా?

అనుభవ మంటపము

12వ శతాబ్దమున కల్యాణనగరమునందు, అనగా నేటి కర్ణాటకమున బీదరు జిల్లాలోని బసవకల్యాణమునందు, శరణులు కూడిన గోష్ఠికి అనుభవ మంటపమని పేరు. అల్లమప్రభువు దానికి అధ్యక్షుడని సంప్రదాయము. అక్కడ కూర్చున్నవారి పేర్లను పరికింపుడు: మడివాళ మాచయ్య చాకలి, అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు, మేదర కేతయ్య బుట్టలల్లువాడు, నులియ చందయ్య త్రాళ్లు పేనువాడు, కదిర రెమ్మవ్వ నూలు వడకునది. వీరి పనియే వీరి పేరులో నిలిచినది. పనిలోని కష్టసుఖములను ఇంటివద్ద విడిచి, వేదాంతమును మాత్రము మాటలాడుటకు వచ్చినవారు కారు వీరు. ఆ గోష్ఠికి "అనుభవ" మను పేరుండుటలోనే అర్థమున్నది. అనుభవములో గెలుపునకెంత చోటు కలదో, ఓటమికిని అంత చోటు కలదు.

లక్కమ్మ చూపిన మార్గము

ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దాసోహము నడుపు శరణుడు. ఒకనాడు ఆయన గోష్ఠిలో మైమరచి కాయకమును మరచెను. ఆయన భార్య లక్కమ్మ వచ్చి పనివేళ మించిపోవుచున్నదని హెచ్చరించెను. మారయ్య తొందరపడి వెళ్లి, నిత్యము తెచ్చు దానికంటె అధికముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి, ఇంత బియ్యము మనకు తగదని, అధికమైనదానిని తిరిగి అక్కడనే పోసి రమ్మని పంపెను.

ఈ కథను దురాశను ఖండించు కథగా చెప్పుట వాడుక. దీనిలో మరియొక పాఠమును కలదు. మారయ్య ఒకే దినమున రెండు పొరపాట్లు చేసినాడు: పని మరచినాడు, ఆ లోపమును పూడ్చుటకు హద్దు మీరినాడు. నష్టపోయిన వర్తకుడు చేయునదియు ఇదే కదా! లక్కమ్మ భర్త తప్పును కప్పిపుచ్చలేదు. భర్తను వీధిలో నిందింపనూ లేదు. ఉన్నదున్నట్లు చెప్పి, దిద్దుకొను దారి చూపినది. అండగా నిలుచుట యనగా ఇదియే. పొగడువారు అండ కారు. తెగడువారును అండ కారు.

సాయము చేయువారికి ఒక హెచ్చరిక

మోళిగ మారయ్య కట్టెలమోపులు మోసి జీవించిన శరణుడు. ఆయన లేని వేళ బసవేశ్వరుడు ఆ యింటికి జంగమ వేషమున వెళ్లి, ఇల్లాలు పెట్టిన అంబలి ఆరగించి, వారి పేదరికమునకు కరగి, రహస్యముగా బంగారమును ఉంచి వచ్చెనని కథ. పాలకురికి సోమనాథుని బసవపురాణము ద్వారా మోళిగయ్య తెలుగువారికిని పరిచితుడే. ఇంటికి వచ్చి బంగారమును చూచిన మారయ్య సంతసింపలేదు. దానిని జంగములకు పంచివేసెను. తన కాయకము తనకు చాలదని ఇతరులు తలచుట ఆయన మనస్సునకు కష్టమైనది.

ఇచ్చినవాడు బసవన్నయే అయినను, అడుగక ఇచ్చిన ధనము పుచ్చుకొనువాని గౌరవమును తాకినది. కావున పడినవానికి సాయము చేయగోరువారు ముందు అతని మాట వినవలెను. అతనికి కావలసినది ధనమా, పనియా, వ్యవధియా, లెక్కలు చూచి చెప్పు పెద్దమనిషియా అని తెలిసికొని పిమ్మట చేయి చాపవలెను. దాసోహమనగా "నేను దాసుడను" అను భావము. "నేను దాతను" అను గర్వము కాదు.

మన కాలపు ఒక ఉదాహరణము

ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి (1880–1964) బిజాపురమున న్యాయవాదిగా నుండి, మఠములలోను ఇండ్లలోను చెదరియున్న వచనముల తాళపత్రములను సేకరించిన మహనీయుడు. అచ్చు వేయించుటకు తొలుత ఆశ్రయించిన ముద్రణాలయము అందులకు సమ్మతింపలేదు. ఆయన మరియొకచోట ప్రయత్నించెను. 1923లో "వచనశాస్త్రసార" మొదటి భాగము వెలువడినది. పిదప సొంత యింటిని అమ్మి, 1925లో "హితచింతక" ముద్రణాలయమును నెలకొల్పెను. 1926లో "శివానుభవ" పత్రికను ప్రారంభించెను. అద్దె యింట కాలము గడిపెను. వర్తకుని చిట్టా, ఆవర్జాలతో లెక్కించినచో ఇది నష్టవ్యాపారమే. కాని తాళపత్రములు ఇచ్చినవారు, పత్రిక చదివినవారు ఆయనను విఫలుడని తలపలేదు. 1926లో బళ్లారిలో జరిగిన కన్నడ సాహిత్య సమ్మేళనము ఆయనను అధ్యక్షపీఠమున కూర్చుండబెట్టినది.

ఇతరులకు అండ కావలెనన్న ఎరుకయు ఆయనకు ఉండెను. 1912లో బిజాపురమున సిద్ధేశ్వర సహకార బ్యాంకు స్థాపనకు ఆయనయే మూలపురుషుడు. అంతకు పూర్వమే, 1905లో, నేటి గదగ జిల్లాలోని కణగినహాళ గ్రామమున వ్యవసాయ సహకార పరపతి సంఘము వెలసినది. పదిమంది కొద్దికొద్దిగా కూడబెట్టి, అవసరమున్నవానికి ఇచ్చి, అతడు తీర్చినదానిని మరియొకనికి ఇచ్చుటయే సహకారము. దాసోహభావము లెక్కల పుస్తకములోనికి ప్రవేశించిన, అది ఇట్టి రూపమునే పొందును.

ఇరుపక్షముల ధర్మములు

నష్టపోయినవాని ధర్మము: నష్టమును అంగీకరించుట యనగా దానిని ఘనకార్యముగా చాటుట కాదు. ఇంటివారికి మొదట నిజము చెప్పవలెను. ఎవరికెంత బాకీయో వ్రాసి, నమ్మకస్తులైన ఇద్దరు పెద్దల ముందు పద్దులు విప్పవలెను. ఆస్తిని దాచరాదు. పనివారి కూలిని మరువరాదు. అప్పుపై అప్పు తెచ్చి కప్పిపుచ్చరాదు. తాను ఎక్కడ పొరబడెనో వెనుక వచ్చువారికి చెప్పవలెను. ఆ మాట మరియొక యింటిని కాపాడవచ్చును.

సంఘము ధర్మము: అతడు చెప్పినది గోష్ఠి దాటి పోనీయరాదు. సోమవారపు పూజకు రాని మూడవ వారమే ఒకరు అతని యింటికి వెళ్లవలెను. పెండ్లిపిలుపులోను, పంక్తిలోను అతని స్థానము మారరాదు. తెలిసిన పని యిచ్చి, చేసిన పనికి తగిన వెల యీయవలెను. సాయము చేయువారు తమ శక్తిని మించి హామీ సంతకములు చేయరాదు. ఒక యింటి కష్టమును రెండిండ్ల కష్టము చేయుట సాయము కాదు.

కల్యాణము కూడ ఒకనాడు చెదరినది. శరణులు హింసకు గురియై తలకొక దిక్కునకు పోయిరి. బసవేశ్వరుడు కూడలసంగమమునకు చేరెను. చెన్నబసవన్న మున్నగువారు ఉళివికి చేరిరి. రాజ్యపు లెక్కలో అది ఓటమి. కాని పోయినవారు వచనములను విడువలేదు, ఒకరినొకరు విడువలేదు. అందువలననే తొమ్మిది వందల యేండ్లకు చేరువైనను ఆ గోష్ఠి మాట మనకు వినవచ్చుచున్నది.

గోష్ఠిలో చర్చించుటకు

1. నష్టపోయినవానిని, మోసగించినవానిని వేరుగా గుర్తించుటకు ఏ గుర్తులు చూడవలెను?

2. లక్కమ్మ మాటకును, వీధిలోని నిందకును గల భేదమేమి?

3. ఇటీవల మన గోష్ఠికి రాకపోయినవారు ఎవరు? వారి యింటికి ఎవరు, ఎప్పుడు వెళ్లుదురు?

మూడవ ప్రశ్నకు సమాధానమును కాగితముపై వ్రాయనక్కరలేదు. లేచి వెళ్లిన చాలును.

శరణు శరణార్థి.