పక్క కుర్చీలోని మనిషి



మీ ఇంట్లో ఉద్యోగానికి వెళ్లేవారు సాయంత్రం గుమ్మంలోకి రాగానే ఏమంటారో ఒకసారి గుర్తు చేసుకోండి. "పని ఎక్కువైంది" అంటే కాఫీ ఇచ్చి ఊరుకుంటాం. "అక్కడ నన్ను పలకరించే దిక్కే లేదు" అంటే మాత్రం పక్కన కూర్చొని వినవలసిందే.

స్వీడన్ దేశంలో ఉద్యోగాలు చేసే 13,779 మంది స్త్రీ పురుషుల వివరాలను పరిశీలించి, జెఫ్రీ జాన్సన్, ఎల్లెన్ హాల్ అనే పరిశోధకులు 1988లో ఫలితాలు ప్రకటించారు. పని భారం ఎక్కువై, దానిని తమ ఇష్టప్రకారం చేసుకునే వీలు తక్కువై, ఆపైన తోటివారి అండ కూడా కరువైనవారిలో గుండె, రక్తనాళాల జబ్బులు ఎక్కువగా కనిపించాయి. ఒకే సమయంలో తీసిన లెక్క కనుక ఒంటరితనమే జబ్బు తెచ్చిందని తేల్చి చెప్పలేము. అయినా తీసిపారేయదగిన సంగతి కాదు.

అండ అంటే ఏమిటి? అమెరికా సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ హౌస్ 1981లో రాసిన పుస్తకంలో దానిని నాలుగు విధాలుగా చెప్పారు: మనసుకు ఊరట, చేతి సాయం, తెలియనిది చెప్పడం, చేసిన పని ఎలా ఉందో తెలపడం. మనం మొదటిదానితోనే సరిపెట్టుకుంటాం. కొత్తగా చేరిన నర్సమ్మకు రాత్రి డ్యూటీ పడిందనుకోండి. వార్డు నిండా రోగులు. "ధైర్యంగా ఉండమ్మా" అనడం మంచిదే. కాని రెండు మంచాల దగ్గర సెలైన్ మీరు చూసుకుని, ఏ మందు ఏ బీరువాలో ఉందో, డాక్టరుగారిని ఎప్పుడు లేపాలో చెబితే ఆమె చేతి వణుకు తగ్గుతుంది. తెల్లవారాక, "చార్టు చక్కగా రాశావు, ఈ ఒక్క గడి మరచిపోయావు" అనడం నాలుగవది. మనలో ఇది బహు అరుదు. తప్పు దొరికితే నలుగురిలో చెబుతాం, ఒప్పయితే నోరు మెదపం.

సాయం చేసే తీరులో కూడా ఒక చిక్కుంది. న్యూయార్క్‌లో న్యాయవాద పరీక్షకు చదువుతున్నవారి చేత, వారి జీవిత సహచరుల చేత నియల్ బోల్గర్ బృందం రోజూ డైరీ రాయించింది. 2000లో ప్రచురించిన ఫలితం వింతగా ఉంది: సాయం అందుతున్నట్టు తెలియని రోజుల్లోనే ఆ సాయం వారి దిగులును ఎక్కువగా తగ్గించింది. అది ఇళ్లలో చూసిన సంగతే. ఆఫీసుల్లో కూడా అంతేనని నా అభిప్రాయం. "నీకోసం ఎంత చేశానో" అని క్యాంటీన్‌లో చాటితే, పొందినవాడు తల దించుకుంటాడు.

అలాగని టీ కొట్టు దగ్గర పై అధికారిని రోజూ తిట్టుకోవడాన్ని అండ అనుకోకండి. కాసేపు హాయిగా ఉంటుంది, నిజమే. మర్నాడు ఫైలు అక్కడే ఉంటుంది.

తండ్రి దినకర్మలు ముగించుకుని సోమవారం మీ పక్క కుర్చీలోకి ఒకరు తిరిగి వస్తారు. ఏం మాట్లాడాలో తోచకపోతే, ఆయన లెడ్జరులో పేరుకున్న పేజీలు రెండు శనివారమే పూర్తి చేసి పెట్టండి. ఎవరు చేశారో ఆయన అడగకపోతే చెప్పనక్కరలేదు.