పబ్లిక్ మరుగుదొడ్లు - చేతుల పరిశుభ్రత

బస్సు స్టేషనులలోను, రైలు స్టేషనులలోను, సినిమాహాళ్లలోను ఉన్న మరుగుదొడ్లను దినమునకు వందలకొలది జనులు వాడుచుందురు. వారిలో ఆరోగ్యవంతులును ఉందురు, రోగులును ఉందురు. టైఫాయిడు జ్వరము నయమైన పిదప కూడ మాసములకొలది, ఒక్కొక్కప్పుడు సంవత్సరములకొలది, ఆ క్రిములను మలముతో విసర్జించువారును ఉందురు. అట్టివారిని చూచి గుర్తుపట్టుట సాధ్యము కాదు. కావున అట్టి మరుగుదొడ్డిని వాడిన ప్రతివారును తమ చేతులకు క్రిములు అంటినవనియే తలచి మెలగవలెను.

క్రిములు ప్రయాణించు మార్గము

చాలమంది దుర్వాసనను, తడినేలను చూచి భయపడుదురు. కాని నేలమీది క్రిమి తనంత తాను నోటిలోనికి రాజాలదు. దానిని తరచుగా మోసికొనిపోవునది మన చేయియే. రక్తవిరేచనములను కలిగించు షిగెల్లా అను బాక్టీరియా నూటికి లోపు సంఖ్యలో కడుపులో ప్రవేశించినను రోగము కలుగవచ్చును. కంటికి కనబడని మాలిన్యములో సైతము అంతకు మించి ఉండగలవు.

శుచికి ఎడమచేతిని, భోజనమునకు కుడిచేతిని వాడుట మన ఆచారము. ఇది మంచిదే. కాని కుడిచేయి మలమును తాకలేదు గనుక శుద్ధముగా ఉన్నదనుకొనుట పొరపాటు. తలుపు గడియను, చెంబును, కుళాయిని మనకు ముందు వచ్చినవారు కడుగని చేతులతో ముట్టియుందురు. వానినే మనము కుడిచేతితో ముట్టుదుము. బయటికి వచ్చి ఆ చేతితోనే ఫలహారము తిందుము. బిడ్డకు అన్నము కలిపి పెట్టుదుము. పసిబిడ్డలకు విరేచనములు పట్టినచో శరీరములోని నీరు త్వరగా తరిగిపోయి ప్రాణాపాయము కలుగును.

ఆహారము వెచ్చగా నిలువయున్నచో ఆపద మరింత పెరుగును. అనుకూల పరిస్థితులలో కొన్ని బాక్టీరియాలు 20 నిమిషములకొకసారి రెట్టింపగును. ఆ లెక్కన ఒక్క క్రిమి 7 గంటలలో 20 లక్షలకు మించును.

చేతులు కడుగుకొనుటవలని ఫలము

1847లో వియన్నా నగరపు ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు బాలింతలు జ్వరముతో మరణించుటకు కారణమును వెదకెను. అచ్చటి వైద్యులు శవపరీక్ష చేసివచ్చి, ఆ చేతులతోనే ప్రసవములు చేయుచుండిరి. ఆయన వారిచేత బ్లీచింగు పొడి వంటి మందు కలిపిన నీటితో చేతులు కడిగించెను. ఏప్రిలు మాసములో 100కి 18 మంది చొప్పున ఉన్న మరణములు జూను మాసమునకు 2కు తగ్గెను. నేడు మనకు అట్టి ఘాటైన మందు అక్కరలేదు. సబ్బును నీరును చాలును.

వాడువారు పాటింపవలసిన నియమములు

1. పని ముగిసిన పిదప మలము పూర్తిగా పోవునట్లు నీరు పోయవలెను.

2. రెండు చేతులకును సబ్బు రాచి, వ్రేళ్ల సందులను, గోళ్ల క్రిందను, చేతుల వెనుకను 20 సెకండ్లకు తక్కువ కాకుండ రుద్ది కడుగవలెను.

3. కుళాయిని కూడ సబ్బు నురుగుతో కడిగి, ఆ పిమ్మటనే కట్టవలెను.

4. తడిచేతులకు క్రిములు త్వరగా అంటును. శుభ్రమైన స్వంత రుమాలుతో తుడుచుకొనవలెను. అందరు వాడు తువాలు కూడదు.

5. ప్రయాణమునకు బయలుదేరునప్పుడు చిన్న సబ్బుముక్కను వెంట ఉంచుకొనవలెను.

నిర్వాహకులకు

సబ్బు, నీరు ఎల్లవేళల ఉండునట్లు చూడవలెను. మురికిని మొదట బ్రష్షుతో తొలగించి, పిదప బ్లీచింగు పొడి కలిపిన నీటిని వాడవలెను. మురికి మిగిలియున్నచో ఆ మందు సరిగా పనిచేయదు. నేలతో పాటు గడియలను, కుళాయిలను, చెంబులను కూడ శుభ్రపరచవలెను. బ్లీచింగు పొడిని యాసిడ్‌తో ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును. శుభ్రపరచువారికి చేతితొడుగులు, బూట్లు తప్పక ఈయవలెను.

మన ముందు వచ్చినవారి అలవాట్లు మన చేతిలో లేవు. మన చేతుల శుభ్రత మాత్రము మన చేతిలోనే కలదు. దానిని పాటించినవారు తమను, తమ బిడ్డలను, తరువాత వచ్చువారిని కాపాడినవారగుదురు.