పోస్టు పేరుతో కాదు, పని పేరుతో వెతుకు

బుజ్జీ,

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు సగానికి వచ్చిందనీ, రాత్రిళ్లు హాస్టల్లో కూర్చుని నౌకరీలోనూ లింక్డ్‌ఇన్‌లోనూ కనపడిన ప్రతి ఉద్యోగానికీ అప్లై చేస్తున్నావనీ, ఒక్కచోటి నుంచీ జవాబు లేదనీ మీ అమ్మ చెప్పింది. జవాబు రానంత మాత్రాన నీకు విలువ లేదనుకోకు తల్లీ.

నా సర్వీసంతా ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలోనే గడిచింది. కార్డు రెన్యువల్‌కని మూడేళ్లకోసారి ఎండలో లైను కట్టే పిల్లలకి ఎక్కడ ఏ ఖాళీ ఉందో తెలిసే దారి ఉండేది కాదు. అప్పటి 1959 చట్టం ప్రకారం సంస్థలు ఖాళీలు మాకు తెలపాల్సి ఉండేది గానీ, మేము పంపినవాళ్లనే తీసుకోవాలన్న నిర్బంధం ఉండేది కాదు. 1997లో నౌకరీ, 2015లో కేంద్రం వారి నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ వచ్చాక ఖాళీలు అందరికీ కనపడుతున్నాయి. ఒక్క నొక్కుతో దరఖాస్తు వెళ్లిపోతుంది కాబట్టే ఒక్కో పోస్టు మీద వేలమంది పడుతున్నారు. అందరికీ పంపిన ఒకే రెజ్యూమె ఆ కుప్పలో ఎవరి కంటా పడదు.

సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడు సర్వే క్యాంపు నుంచి వచ్చి, కొలతలు తీసే టోటల్ స్టేషన్ పరికరం గురించి చెబుతూ కంచంలో అన్నం ఆరబెట్టుకున్నావు. చెరువు గట్టు మీద రీడింగులు ఎక్కడ తేడా వచ్చాయో, మళ్లీ ఎలా సరిచేశారో అంతా చెప్పావు. టెస్టింగ్ గురించి నీ నోట అలాంటి మాట ఒక్కటీ వినలేదు. అది చెడ్డ పని కాదు, ఇష్టపడి చేసేవాళ్లున్నారు. నువ్వు మాత్రం పక్క రూము అమ్మాయి చేరిందని చేరావు. రోజుకి ఎనిమిది గంటలు, ఏళ్ల తరబడి చేయాల్సింది నువ్వమ్మా.

కాబట్టి ‘సివిల్ ఫ్రెషర్’ అని కొట్టడం ఆపు. నీకు నచ్చిన సర్వే, మ్యాపుల పనుల్లోనే జీఐఎస్, డ్రోన్ సర్వే, లైడార్, ఫొటోగ్రామెట్రీ అని పని పేరుతో కొట్టి చూడు. జీతం అంకె చూసి ఆగిపోకుండా, రోజూ ఏం చేయిస్తారో రాసిన భాగం చదువు. కొన్ని ప్రకటనలు చదివేసరికి మళ్లీమళ్లీ కనపడే సాఫ్ట్‌వేర్లేవో నీకే తెలుస్తుంది. వాటిలో క్యూజీఐఎస్ ఉచితం, ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు. మన మండలం చెరువుల మ్యాపు ఒకటి గీసి రెజ్యూమెలో పెట్టు. ‘కష్టపడే స్వభావం’ అన్న వాక్యం తీసేసి, క్యాంపులో ఏ పరికరంతో ఏం కొలిచావో రాయి.

ఆంధ్రలో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైనప్పటి నుంచీ డ్రోన్లూ, భూమి కొలిచే రోవర్లూ పల్లెల్లోకి వచ్చాయి. సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉప్పల్లోనే ఉంది, నీకు అమీర్‌పేట నుంచి ఒకటే మెట్రో. వాళ్ల కోర్సుల వివరాలు కనుక్కో. నీ కాలేజీ సీనియర్లలో ఈ పని చేస్తున్నవాళ్లని లింక్డ్‌ఇన్‌లో పట్టుకో. ఉద్యోగం ఇప్పించమని కాదు, వాళ్ల రోజు ఎలా గడుస్తుందో అడుగు. ఎండలో తిరగడం, నెలల తరబడి సైట్లలో ఉండడం నీకు సరిపడతాయో లేదో వాళ్ల మాటల్లోనే తేలుతుంది. ఇంట్లో వాళ్లం ‘ఆడపిల్లకి ఎండలో పనేమిటి’ అంటామని జంకకు, మీ నాన్నతో నేను మాట్లాడతాను.

ఇంకొక్కటి, ఇది మాత్రం కచ్చితంగా వినాలి. ఉద్యోగం ఇస్తామని డిపాజిట్ అనీ, ల్యాప్‌టాప్‌కి అనీ, బ్యాక్‌డోర్ అనీ ఎవరు డబ్బడిగినా అక్కడితో వదిలెయ్. విశాఖ వైపు పిల్లల్ని డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి కంబోడియాకి తీసుకెళ్లి, సైబర్ మోసాలు చేయించిన సంగతి 2024లో బయటపడింది. వాళ్లూ చదువుకున్నవాళ్లే, ఇంటికి ఆసరా అవుదామని వెళ్లినవాళ్లే. ఎవరి మీదైనా అనుమానం వస్తే నాకు ఫోన్ చెయ్యి. డబ్బు పోయిందంటే మాత్రం క్షణం ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టు, నాకు తర్వాత చెప్పొచ్చు.

కోర్సు ఫీజు కట్టేశాం కదా అని బెంగపడకు, అది పోతే పోనీ. ఆదివారం లోపు కొత్త రెజ్యూమె వాట్సాప్‌లో పంపు, నేను చదివి రాస్తాను.

మీ పెదనాన్న