అకౌంట్స్ ఉద్యోగం - ఇంటర్వ్యూకు సిద్ధం కావడం ఎలా?



ముడిమ్యాల, చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇంటర్‌లో సీఈసీ, ఆ తరువాత బీకాం చదివేవారు మనలో చాలామంది ఉన్నారు. పరీక్షలు పాసవుతున్నారు, మార్కులు కూడా బాగానే వస్తున్నాయి. కానీ ఒకటి రెండు ఇంటర్వ్యూలకు వెళ్లి వచ్చాక "మనకు ఇంగ్లీషు రాదు, మనకు ఎవరూ తెలియదు" అని ఆగిపోతున్నారు. అలా ఆగిపోనక్కర లేదని చెప్పడానికే ఈ పాఠం.

అకౌంటెంటును తీసుకునే యజమాని ముఖ్యంగా రెండు విషయాలు చూస్తాడు. ఒకటి, ఇతను పద్దు సరిగ్గా రాయగలడా? రెండు, డబ్బు దగ్గర ఇతన్ని నమ్మవచ్చా? ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి ఈ రెండింటి దగ్గరకే వస్తాయి. ఈ రెండూ నేర్చుకుంటే వచ్చేవే.

1. హాస్టల్ స్టాకు రిజిస్టరే మొదటి పాఠం

మన హాస్టల్‌లో బియ్యం, పప్పు, నూనె రాసే రిజిస్టరు మీరందరూ చూసే ఉంటారు. ఒక ఉదాహరణ తీసుకుందాం. నెల మొదట్లో బియ్యం నిల్వ 240 కిలోలు. నెలలో వచ్చినవి 600 కిలోలు. మొత్తం 840. వంటకు ఇచ్చినవి 515. మిగలవలసినవి 325 కిలోలు. ప్రారంభ నిల్వకు వచ్చినవి కలిపి, ఇచ్చినవి తీసివేస్తే ముగింపు నిల్వ. దుకాణంలో సరుకు అయినా, గల్లాపెట్టెలో నగదు అయినా, బ్యాంకులో సొమ్ము అయినా లెక్క ఇదే.

ఇప్పుడు తూకం వేస్తే 320 కిలోలే ఉన్నాయనుకోండి. 5 కిలోలు ఎక్కడ? ఒకరోజు ఇచ్చినవి రాయలేదా? వచ్చినప్పుడే తూకం తక్కువా? ఎలుకల వల్ల పోయాయా? ఎవరైనా తీశారా? ఈ నాలుగు ప్రశ్నలు వేసుకున్నవాడు అకౌంటెంటు అవుతాడు. రిజిస్టరులో 325 ని 320 అని దిద్దేసినవాడు కాలేడు. "స్టాకు తగ్గితే ఏం చేస్తారు?" అని ఇంటర్వ్యూలో అడిగితే ఇదే చెప్పండి: "అంకె దిద్దను సార్. తేడా ఎంతో కాగితం మీద రాసి, బిల్లులు, ఇష్యూ స్లిప్పులు చూసి, మీకు చెప్పి, మీ అనుమతితో ఎంట్రీ వేస్తాను." ఈ ఒక్క జవాబులో పని, నమ్మకం రెండూ కనిపిస్తాయి.

2. తెలుగు మాటకు ఆఫీసు మాట

తెలుగు మీడియంలో చదివినవారికి విషయం తెలిసినా ఆఫీసులో వాడే పేరు తెలియక ఇబ్బంది వస్తుంది. ఈ పట్టికను నోటుబుక్కులో రాసుకుని రోజూ పైకి చదవండి.

చిట్టా - జర్నల్
ఆవర్జా - లెడ్జర్
అంకణా - ట్రయల్ బ్యాలెన్స్
నగదు పుస్తకం - క్యాష్ బుక్
రుణగ్రస్తులు - డెటర్స్ (మనకు ఇవ్వవలసినవారు)
రుణదాతలు - క్రెడిటర్స్ (మనం ఇవ్వవలసినవారు)
తరుగుదల - డిప్రీసియేషన్
లాభనష్టాల ఖాతా - ప్రాఫిట్ అండ్ లాస్ అకౌంట్
ఆస్తి అప్పుల పట్టిక - బ్యాలెన్స్ షీట్
బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక - బ్యాంక్ రీకన్సిలియేషన్, ఆఫీసులో బీఆర్‌ఎస్ అంటారు

జంట పద్దు విధానాన్ని ఇటలీలో లూకా పాసియోలీ 1494 లో అచ్చులో వివరించాడు. మన వ్యాపారులు కూడా తరతరాలుగా చిట్టా, ఆవర్జా రాస్తూ వచ్చారు. అంటే ఈ విద్య ఇంగ్లీషుతో పుట్టింది కాదు. పేర్లు నేర్చుకుంటే చాలు, విషయం మీకు వచ్చినదే.

3. తరచుగా అడిగే ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: డెబిట్, క్రెడిట్ సూత్రాలు చెప్పండి.
జవాబు: వ్యక్తిగత ఖాతాలో పుచ్చుకునేవారికి డెబిట్, ఇచ్చేవారికి క్రెడిట్. వాస్తవిక ఖాతాలో వచ్చేదానికి డెబిట్, పోయేదానికి క్రెడిట్. నామమాత్రపు ఖాతాలో ఖర్చులకు, నష్టాలకు డెబిట్. ఆదాయాలకు, లాభాలకు క్రెడిట్. సూత్రం చెప్పి ఊరుకోకండి. "అద్దె 6,000 నగదు చెల్లిస్తే అద్దె ఖాతా డెబిట్, నగదు ఖాతా క్రెడిట్" అని ఒక ఉదాహరణ కలపండి.

ప్రశ్న: ట్రయల్ బ్యాలెన్స్ కలిస్తే లెక్కలన్నీ సరైనట్టేనా?
జవాబు: కాదు. ఒక బిల్లును అసలు రాయకపోయినా అది కలుస్తుంది. యంత్రం మరమ్మతు ఖర్చును యంత్రం ఖాతాలో వేసినా కలుస్తుంది. కలవకపోతే రెండు చిట్కాలు ఉన్నాయి. తేడాలో సగం మొత్తం ఎక్కడైనా ఉందేమో చూడాలి, ఒక పద్దు రెండోవైపు పడి ఉండవచ్చు. తేడా 9 తో భాగింపబడితే అంకెలు తారుమారై ఉండవచ్చు. 540 బదులు 450 రాస్తే తేడా 90 కదా!

ప్రశ్న: బీఆర్‌ఎస్ వేసి చూపండి.
జవాబు: నగదు పుస్తకం ప్రకారం బ్యాంకులో 50,000. మనం ఇచ్చినా ఇంకా బ్యాంకుకు రాని చెక్కులు 8,000, ఇవి కలపాలి. మనం జమకు వేసినా ఇంకా వసూలు కాని చెక్కులు 5,000, ఇవి తీసివేయాలి. బ్యాంకు చార్జీలు 118 మన పుస్తకంలో రాయలేదు, ఇవీ తీసివేయాలి. బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపించవలసిన నిల్వ 52,882. వీటిలో బ్యాంకు చార్జీలకు మాత్రమే మన పుస్తకంలో ఎంట్రీ వేయాలి. మిగతావి రోజులు గడిస్తే సర్దుకుంటాయి. అయినా పాత చెక్కులు అలాగే నిలిచిపోతే ఎందుకో కనుక్కోవాలి.

ప్రశ్న: జీఎస్టీ లెక్క చెప్పండి.
జవాబు: జీఎస్టీ 2017 జూలై 1 నుంచి అమలులో ఉంది. 18 శాతం పన్ను ఉన్న సరుకును హైదరాబాద్ డీలరు దగ్గర 10,000 కు కొంటే సీజీఎస్టీ 900, ఎస్‌జీఎస్టీ 900. అదే సరుకు బెంగళూరు నుంచి తెస్తే ఐజీఎస్టీ 1,800. మనం దాన్ని ఇక్కడే 15,000 కు అమ్మితే వసూలు చేసే పన్ను 2,700. కొనుగోలు మీద కట్టిన 1,800 ఇన్‌పుట్ క్రెడిట్‌గా పోగా కట్టవలసింది 900. మన చేవెళ్ల రైతు అమ్మే తాజా క్యారెట్టుకు, టమాటాకు ఈ పన్ను లేదు. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు ఉంటాయి. మొదటి రెండు రాష్ట్రం కోడు, తెలంగాణకు 36. తరువాతి పది పాన్ నంబరు.

ప్రశ్న: నెలలో ముఖ్యమైన తేదీలు ఏవి?
జవాబు: 7, 11, 15, 20 అని గుర్తుపెట్టుకోండి. 7 న టీడీఎస్ కట్టాలి (మార్చి నెలది ఏప్రిల్ 30 వరకు). 11 న జీఎస్‌టీఆర్-1. 15 న పీఎఫ్, ఈఎస్‌ఐ. 20 న జీఎస్‌టీఆర్-3బీ. ఏడాదికి 5 కోట్ల వరకు టర్నోవర్ ఉన్నవారు మూడు నెలలకొకసారి రిటర్ను వేసే పద్ధతి ఎంచుకోవచ్చు, వారికి జీఎస్టీ తేదీలు వేరు.

ఒక హెచ్చరిక. పాత పుస్తకాలు గుడ్డిగా బట్టీ పట్టకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు చాలావరకు పోయి ఎక్కువ సరుకులు 5, 18 లోకి వచ్చాయి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో వచ్చిన 2025 చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అందులో సెక్షన్ల నంబర్లు మారాయి. ఇంటర్వ్యూకు వెళ్లేముందు రేట్లు, సెక్షన్లు ఒకసారి సరిచూసుకోండి.

4. కంప్యూటర్ మీద చెయ్యి తిరగాలి

చిన్న ఆఫీసుల్లో ఎక్కువగా అడిగేది ట్యాలీ, ఎక్సెల్. ట్యాలీలో ఎఫ్4 కాంట్రా, ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. బ్యాంకులో నగదు వేసినా, తీసినా కాంట్రా అని మరవకండి. చాలామంది ఇక్కడే తప్పు చెబుతారు.

ట్యాలీ కొనడానికి డబ్బు లేదని ఆగకండి. ఎడ్యుకేషనల్ మోడ్‌లో ఉచితంగా నేర్చుకోవచ్చు. అందులో నెలలో 1, 2, చివరి తేదీలకే ఎంట్రీలు పడతాయి, సాధనకు అది చాలు. మీ ఊరి కిరాణా దుకాణం వారిని అడిగి ఒక నెల బిల్లులు తీసుకుని ఎంట్రీలు వేయండి. వాళ్ల లెక్క ఎవరికీ చెప్పకండి, బిల్లులు జాగ్రత్తగా తిరిగి ఇవ్వండి. ఇంటర్వ్యూలో "అనుభవం ఉందా?" అంటే "ఉద్యోగ అనుభవం లేదు సార్. ఒక దుకాణం నెల లెక్క ట్యాలీలో రాశాను" అని నిజం చెప్పవచ్చు. ఎక్సెల్‌లో సమ్-ఇఫ్, వీ-లుకప్, పివట్ టేబుల్ ఈ మూడూ వచ్చేదాకా చేయండి.

5. ఉద్యోగం ఎక్కడ వెతకాలి?

మొదట దగ్గరలోనే చూడండి. మొయినాబాద్ వైపు ఇంజనీరింగ్ కాలేజీలు, రిసార్టులు, ఫంక్షన్ హాళ్లు ఉన్నాయి. చేవెళ్లలో ఆసుపత్రులు, పెట్రోలు బంకులు, ఎరువుల దుకాణాలు ఉన్నాయి. వీటన్నింటికీ లెక్కలు రాసే మనిషి కావాలి. తరువాత నగరం. బేగంబజార్, రాణీగంజ్ హోల్‌సేల్ దుకాణాలు, కాటేదాన్ పారిశ్రామికవాడ, చార్టర్డ్ అకౌంటెంట్ల ఆఫీసులు. సీఏ ఆఫీసులో మొదట్లో జీతం తక్కువైనా ఏడాదిలో పది రకాల వ్యాపారాల లెక్కలు చూస్తారు. అది పెద్ద చదువు. గచ్చిబౌలి వైపు పెద్ద కంపెనీల్లో అకౌంట్స్ పేయబుల్, రిసీవబుల్ పనులుంటాయి. వాటికి ఇంగ్లీషు మాట్లాడటం అవసరం, ఏడాది రెండేళ్ల తరువాత ప్రయత్నించవచ్చు. కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో పేరు నమోదు ఉచితం. ప్రభుత్వంలో జూనియర్ అకౌంటెంట్ పోస్టులు గ్రూప్-4 ద్వారా భర్తీ అవుతాయి. వాటికి ఇంటర్వ్యూ ఉండదు, రాతపరీక్షే.

బయోడేటా ఒక్క పేజీ చాలు. రానిది వచ్చని రాయకండి. రాసిన ప్రతి మాట మీద ప్రశ్న వస్తుంది.

ఇంకొక మాట. ఉద్యోగం ఇప్పిస్తామని డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, యూనిఫాం డబ్బు అడిగేవారిని నమ్మకండి. జీతం ఇచ్చేవాడు ముందుగా మన దగ్గర డబ్బు తీసుకోడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ వదిలి రాకండి. అమ్మానాన్నలు కూలి చేసి దాచిన సొమ్ము ఒక్క ఫోన్‌కాల్‌కు పోగొట్టుకోవద్దు.

6. ఇంటర్వ్యూ రోజు

మెహిదీపట్నం దాకా బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు పట్టుకోవాలంటే ట్రాఫిక్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. గంట ముందే చేరేలా బయలుదేరండి. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు చాలు, కొత్తవి అక్కర లేదు. పెన్ను, తెల్లకాగితాలు, క్యాలిక్యులేటర్ వెంట ఉండాలి. ప్రశ్న అర్థం కాకపోతే "మరొకసారి చెప్పండి సార్" అని అడగండి. ఇంగ్లీషులో తడబడితే "కాగితం మీద ఎంట్రీ వేసి చూపిస్తాను సార్" అనండి. అంకె అన్ని భాషల్లో ఒకటే. తెలియనిది తెలియదనే చెప్పండి. తెలియనిది తెలుసని చెప్పే అకౌంటెంటు వల్ల యజమానికే ప్రమాదం, ఆ సంగతి అతనికి తెలుసు.

"మీ నాన్న ఏం చేస్తారు? ఎక్కడ చదివారు? ఎక్కడ ఉంటారు?" అని అడుగుతారు. ఇక్కడ మన పిల్లల గొంతు తగ్గిపోతుంది. తగ్గనివ్వకండి. "నాన్న కూలి పని చేస్తారు సార్. నేను సాంఘిక సంక్షేమ హాస్టల్‌లో ఉండి చదువుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే" అని తల ఎత్తి చెప్పండి. అది దాచుకోవలసిన సంగతి కాదు. కులం అడిగేవారు కూడా ఎదురవుతారు. "ఈ పనికి దానితో అవసరం లేదు కదా సార్, లెక్కల్లో ఏదైనా అడగండి" అని మర్యాదగా అనవచ్చు. అలాంటి చోట ఉద్యోగం రాకపోతే మీ చదువు తక్కువైనట్టు కాదు.

డాక్టర్ అంబేద్కర్ విదేశాల్లో చదివి 1917 లో తిరిగి వచ్చాక కుటుంబ పోషణకు ప్రైవేటు ట్యూషన్లు చెప్పారు, అకౌంటెంటుగా కూడా పనిచేశారు. పెట్టుబడుల మీద సలహాలిచ్చే సంస్థ ఒకటి పెడితే, ఆయన కులం తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. 1918 లో ఆయన బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ఆచార్యులయ్యారు. 1923 లో రూపాయి సమస్య మీద గ్రంథం ప్రచురించారు. 1925 నుంచి 1928 వరకు బాట్లీబాయ్ అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో వర్తక న్యాయం బోధించారు. తలుపు మూసినవారి లెక్క ఆయన విలువను తగ్గించలేదు.

7. జీతం మాట

"ఎంత ఆశిస్తున్నారు?" అంటే బిగుసుకుపోకండి. ఆ ప్రాంతంలో కొత్తవారికి ఎంత ఇస్తున్నారో ముందే సీనియర్లను అడిగి తెలుసుకోండి. చేతికి ఎంత వస్తుంది, పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా అని అడగడం తప్పు కాదు. ఉదాహరణకు జీతం 15,000 అయి, అంతటి మీద పీఎఫ్ కోస్తే 12 శాతం అంటే 1,800. ఈఎస్‌ఐ 0.75 శాతం, రూపాయికి సవరిస్తే 113. చేతికి 13,087. కోసిన 1,800 పోయినట్టు కాదు, యజమాని వాటాతో కలిసి మీ పేరున జమ అవుతుంది. ఈ లెక్క అక్కడే నోటితో చెప్పగలిగితే మీకు పని వచ్చని ఎదుటివారికి మళ్లీ రుజువు చేసినట్టే.

ఉద్యోగం రాని ప్రతి ఇంటర్వ్యూ తరువాత అడిగిన ప్రశ్నలను అదే సాయంత్రం నోటుబుక్కులో రాయండి. ఐదు ఇంటర్వ్యూలు అయ్యేసరికి మీ చేతిలో ఒక గైడు తయారవుతుంది. దాన్ని హాస్టల్‌లో తరువాతి తమ్ముడికి ఇవ్వండి. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులకు నా మనవి: మీ ఆఫీసులో అకౌంట్స్ ఖాళీ ఉందని తెలిస్తే మొదట మన హాస్టల్ నోటీసు బోర్డుకు తెలియజేయండి. "మనకు ఎవరూ తెలియదు" అనే మాట మన పిల్లల నోట రాకుండా చేయవలసింది మనమే.