కొత్త కళ్లద్దాలకు చిన్నమెదడు అలవాటుపడే తీరు

ప్రశ్న: పవరు మారిన కళ్లద్దాలు పెట్టుకున్న కొత్తలో తల తిప్పితే దృశ్యం ఊగినట్లు కనిపించి, కొన్నాళ్లకు సర్దుకుంటుంది. కారణమేమిటి?

జవాబు: తల కదిలినప్పుడు చూపు నిలకడగా ఉండేందుకు కళ్లు వ్యతిరేక దిశలో తిరుగుతాయి, అద్దాల వల్ల దృశ్య పరిమాణం మారితే ఆ కదలిక చాలకో, ఎక్కువయ్యో దృశ్యం రెటీనాపై జారుతుంది. ఈ పొరపాటు సంకేతాన్ని మెదడు కాండంలో మొదలయ్యే ఆరోహక తంతువులు చిన్నమెదడులోని పర్కింజీ కణాలకు చేరవేస్తాయి. అదే సమయంలో ఆ కణాలను ప్రేరేపించే సమాంతర తంతువుల సినాప్సులు, అంటే నాడీకణాల సంధిస్థానాలు, దీర్ఘకాలం బలహీనపడతాయని జపాన్ శాస్త్రవేత్త మసావో ఇటో బృందం 1982లో చూపింది. మరికొన్ని సినాప్సులు బలపడటం కూడా దీనికి తోడై, కంటి కదలిక కొత్త కొలతకు సరిపడుతుంది. కనుక అద్దాలను తరచూ తీసివేయక వాడటమే ఈ అభ్యసనానికి మేలు.