వీధి అల్లరి: ఎవరికి చెప్పాలి, చట్టం ఏమంటుంది?

గన్నవరంలో మీ సందు మలుపులో తాగి ఆడవాళ్లను దారిన పోనీయని వాళ్లుంటే 112కు ఫోన్ చేయాలి. గంజాయి అమ్మకం కనిపిస్తే ‘ఈగల్’ విభాగం నంబరు 1972.

తాగి బహిరంగంగా అల్లరి చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 355 వర్తిస్తుంది. 24 గంటల వరకు సాధారణ జైలు, రూ.1,000 వరకు జరిమానా, లేదా రెండూ, లేకుంటే సామాజిక సేవ. 2024 జులై 1కి ముందున్న ఐపీసీ 510లో జరిమానా పది రూపాయలే! ఎప్పుడో రావాల్సిన మార్పు ఇది.

శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు నిషిద్ధం. దారి ఆక్రమణ వంటివాటిని తొలగించమని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 152 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు.

పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల (కాగ్నిజబుల్) నేరమైతే ‘మా పరిధి కాదు’ అని స్టేషన్‌లో తిప్పి పంపకూడదు. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 173 ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్‌కు వీలిచ్చింది. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితం, అడిగి తీసుకోండి.